చెయ్యెత్తమని ఫోన్ వచ్చినప్పుడు కార్పొరేటర్ ఏం చేయాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు విశాఖ నగరపాలక సంస్థలో అధికార పక్షానికి చెందిన కార్పొరేటర్. మీ వార్డులోని ఒక పాత లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు సంస్థకు దీర్ఘకాలిక లీజుకు ఇచ్చే ప్రతిపాదన వచ్చే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో ఉంది. ఎన్నికలప్పుడు మీ పార్టీ అచ్చువేసిన కరపత్రంలో ఖాళీ స్థలాలను కాపాడతామన్న హామీ ఉంది, ఇంటింటికీ తిరిగి ఆ కరపత్రాన్ని పంచింది మీరే. ఇప్పుడు నియోజకవర్గ ఇన్‌చార్జి మీ భర్తకు ఫోన్ చేసి "మేడమ్ గారిని చెయ్యెత్తమనండి" అన్నారు. రాజీనామా చేయాలా, పార్టీ మారాలా, లేక ఆ రోజు సమావేశానికి వెళ్లకుండా ఉండిపోవాలా అని మీరు అడిగారు.

ఒక దఫా కార్పొరేటర్‌గా పనిచేసి, ఆ తరవాత చాలాకాలం పురపాలక వ్యవహారాల కేసులు చూసిన న్యాయవాదిగా నా అభిప్రాయం చెబుతాను. ఆ మూడింటిలో ఏదీ వద్దమ్మా. సమావేశానికి వెళ్లండి, కారణాలు చెప్పి వ్యతిరేకంగా ఓటు వేయండి, ఆ మర్నాడు కూడా అదే పార్టీలో ఉండండి.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్న నిండా కనిపిస్తున్నది సీటు పోతుందేమోనన్న భయమే. ఫిరాయింపుల నిరోధానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు పార్లమెంటు సభ్యులకు, రాష్ట్ర శాసనసభ, శాసనమండలి సభ్యులకు వర్తిస్తుంది. కార్పొరేటర్లకు అది వర్తించదు. స్థానిక సంస్థలకు రాష్ట్ర చట్టాల్లో, నియమాల్లో వేరే విప్ (ఫలానా విధంగా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశం) నిబంధనలున్నాయి, అవి మేయర్, డిప్యూటీ మేయర్ ఎన్నిక, వారిపై అవిశ్వాసం వంటి సందర్భాలకు ఉద్దేశించినవి. 2025 ఏప్రిల్‌లో మన నగర మేయర్ మీద అవిశ్వాస తీర్మానం నెగ్గిన రోజుల్లో విప్ అన్న మాట పత్రికల్లో రోజూ కనిపించింది కాబట్టి, కౌన్సిల్‌లో ఏ అంశం మీద పార్టీ మాట కాదన్నా సభ్యత్వం రద్దవుతుందన్న అభిప్రాయం చాలామందిలో బలపడిపోయింది. అది నిజం కాదు. ఒక స్థలం లీజు వంటి మామూలు ఎజెండా అంశం మీద మీరు వేసే ఓటు పార్టీకి కోపం తెప్పించవచ్చు, వచ్చే ఎన్నికల్లో పార్టీ అభ్యర్థిగా మీకిచ్చే బీఫారానికి ఎసరు పెట్టవచ్చు, కానీ మీ సీటును తీసేయదు. ఎవరైనా "విప్ ఉంది" అంటే, అది ఏ చట్టంలోని ఏ నిబంధన కింద జారీ అయిందో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఫోన్‌లో వచ్చేదానికి ఆదేశమన్న పేరు తప్ప చట్టబలం లేదు.

పదో షెడ్యూలు మీకు వర్తించకపోయినా, దాని మీద సుప్రీంకోర్టు చెప్పిన ఒక మాట మీకు బాగా పనికొస్తుంది. కిహోటో హొల్లోహన్ కేసులో 1992లో ఆ చట్టాన్ని చాలావరకు సమర్థిస్తూనే, సభ్యుణ్ణి అనర్హుణ్ణి చేయగల పార్టీ ఆదేశానికి కోర్టు ఒక హద్దు గీసింది. ప్రభుత్వం నిలుస్తుందా పడిపోతుందా అన్నది తేల్చే విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికి గానీ, ఏ విధానాన్ని, ఏ కార్యక్రమాన్ని చూపించి పార్టీ ప్రజల దగ్గరకు వెళ్లిందో దానికి సంబంధించిన ఓటుకు గానీ ఆ ఆదేశం పరిమితం కావాలన్నది దాని సారం. అంతకుముందే 1990లో ఎన్నికల సంస్కరణలపై దినేష్ గోస్వామి కమిటీ కూడా ఇటువంటి పరిమితినే సిఫారసు చేసింది. కోర్టు మాటలోని రెండో భాగాన్ని మరోసారి చదవండి. పార్టీ తన సభ్యుణ్ణి కట్టిపడేయగలిగేది తాను ఓటర్లకు చెప్పినదాని కోసమే. మీ విషయంలో వరస తిరగబడింది. పార్టీ ఓటర్లకు చెప్పినదాని పక్షాన నిలిచింది మీరు, దాన్ని వదిలేయమంటున్నది ఇన్‌చార్జి. పార్టీ విధేయత అనేది ఒకటుంటే, ఈ వ్యవహారంలో అది మీ దగ్గరే ఉంది. ఆ కరపత్రం మీ పార్టీ రాసిచ్చిన ప్రామిసరీ నోటు వంటిది, వార్డులో దాని మీద సంతకం మాత్రం మీదే.

ఇలా చెప్పానని పార్టీ విధేయతను నేను తేలిగ్గా తీసుకుంటున్నానని అనుకోవద్దు. మీకు పడ్డ ఓట్లలో ఎక్కువ భాగం గుర్తును చూసి పడ్డవే. ఎండలో జెండా మోసి, పోలింగ్ నాడు బూత్ దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డ కుర్రాళ్ల రుణం మీ మీద ఉంది. తొంభై ఎనిమిది వార్డుల సభలో ఎవరికి తోచినట్టు వారు ఓటు వేస్తే బడ్జెట్ కూడా నెగ్గదు. మీ వార్డులో వేయాల్సిన రోడ్డుకు బదులు పక్క వార్డుకు నిధులు వెళ్లాయన్న అలకను, స్టాండింగ్ కమిటీలో చోటు దక్కలేదన్న కినుకను సిద్ధాంతమని పిలిచేవాళ్లను నేను చాలామందిని చూశాను. అటువంటి వాటి మీద పార్టీ మాట వినడమే న్యాయం. పన్ను రేట్లు, ఏ పని ముందు, ఏ పని వెనక అన్న విషయాల్లో మీకు భిన్నాభిప్రాయం ఉన్నా, పార్టీ సమావేశంలో గట్టిగా వాదించి, ఓడిపోయాక సభలో చెయ్యెత్తడంలో తప్పేమీ లేదు.

అయితే మీ విషయం వేరని ఎందుకంటున్నాను? నేను మూడు సంగతులు చూస్తాను. మీ అభ్యంతరం ఈ గొడవ రాకముందే ఎక్కడైనా నమోదై ఉందా అన్నది ఒకటి; మీది పార్టీ కాగితంలోనే అచ్చై ఉంది. దానివల్ల మీకు కలిగేది లాభమా, నష్టమా అన్నది మరొకటి. మీకు ఇన్‌చార్జి ఆగ్రహం తప్ప ఒరిగేదేమీ కనిపించడం లేదు. ఇదే ప్రతిపాదన ప్రతిపక్షం తెచ్చి ఉంటే మీరేం చేసేవారు అన్నది చివరిది, అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. దీనికి జవాబు మీరే చెప్పుకోవాలి. ప్రతిపక్షం తెచ్చి ఉంటే ఆ స్థలంలో టెంటు వేసుకుని ధర్నాకు కూర్చునేవాళ్లమనిపిస్తే, ఇక ఆలోచించడానికి మిగిలిందేమీ లేదు.

పార్టీని కాదనడమంటే పార్టీని వదలడమే అన్న అభిప్రాయం మన రాజకీయాల్లో ఎలా పాతుకుపోయిందో గానీ, తెలుగువారి చరిత్ర దాన్ని బలపరచదు. పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన వి.వి. గిరి కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, బ్యాంకు ఉద్యోగుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం సవరించింది. కార్మికులకు తాను చెబుతూ వచ్చినదానికి అది విరుద్ధమని 1954లో ఆయన నెహ్రూ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. వదిలింది పదవిని, కాంగ్రెస్‌ను కాదు. పుచ్చలపల్లి సుందరయ్య గారిది ఇంకా కఠినమైన పరిస్థితి. ఎమర్జెన్సీ రోజుల్లో జనసంఘ్‌తో కలిసి పనిచేయడం సహా అనేక విషయాల్లో సీపీఎం నాయకత్వంలోని మెజారిటీతో విభేదించి, 1975లో తన కారణాలను సుదీర్ఘమైన లేఖగా రాసి, ప్రధాన కార్యదర్శి పదవి నుంచి వైదొలిగారు. తరవాత రాష్ట్రానికి తిరిగి వచ్చి అదే పార్టీలో పనిచేశారు, 1978లో గన్నవరం నుంచి అదే పార్టీ తరఫున శాసనసభకు ఎన్నికయ్యారు, చనిపోయేదాకా ఆ జెండా కిందే ఉన్నారు. క్రమశిక్షణకు పెట్టింది పేరైన పార్టీలోనే ఇది సాధ్యమైనప్పుడు, వారానికొకరు కండువాలు మార్చుకునే మన పార్టీల్లో ఒక లీజు అంశం మీద భిన్నంగా ఓటు వేయడం ఎంతటి అపచారం?

వదిలి వెళ్లడమే సరైన సందర్భాలూ ఉంటాయి. 1959 నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో సహకార వ్యవసాయంపై తీర్మానం వచ్చాక ఆచార్య రంగా కాంగ్రెస్‌ను వీడి స్వతంత్ర పార్టీకి వ్యవస్థాపక అధ్యక్షులయ్యారు. జీవితమంతా రైతు రాజకీయం నడిపిన మనిషికి పార్టీ మూల విధానమే ఎదురుతిరిగినప్పుడు అందులో ఉండడానికి చోటు మిగలలేదు. మీ పార్టీ అలా మారలేదు. ఒక లీజు కోసం ఒక హామీని పక్కన పెట్టింది. దానికి సరిపడా స్పందనే చాలు.

అంతరాత్మ ప్రబోధం అన్న మాటను మాత్రం జాగ్రత్తగా వాడండి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కాగా, ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమనడంతో స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి గెలిచారు. రెండు వైపులా తెలుగువారే. ఆ ఏడాది చివరికి కాంగ్రెస్ రెండు ముక్కలైంది. ఆనాటి ఓట్లలో ఎన్ని అంతరాత్మవో, ఎన్ని ముఠావో ఇప్పుడు విడదీసి చూపడం ఎవరి తరం కాదు. అందుకే సభలో "నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు" అనకండి. మనస్సాక్షికి ఎవరూ జవాబు చెప్పలేరు, దాన్ని ఎవరూ నమ్మనక్కరా లేదు. "కరపత్రంలో ఈ వాక్యం ఉంది, లేఅవుట్ ప్లానులో ఈ స్థలం పార్కుగా ఉంది" అనండి. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత అవతలివారి మీద పడుతుంది.

రాజీనామా గురించి. విశాఖలో రాజీనామాకు పెద్ద చరిత్రే ఉంది. 1966 ఉక్కు ఉద్యమంలో ఎందరో ప్రతిపక్ష శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు, ఆ ఉద్యమానికి ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథం గారు 1967లో విశాఖపట్నం నుంచి స్వతంత్రంగా పోటీ చేసి లోక్‌సభకు గెలిచారు. మీరు కూర్చునే నగరపాలక సంస్థ కార్యాలయానికి తెన్నేటి భవన్ అని పేరు పెట్టింది ఆయన స్మృతిలోనే. కానీ ఆనాటి రాజీనామాలు ఊరంతా వీధుల్లో ఉన్నప్పుడు, మూకుమ్మడిగా జరిగినవి. ఒంటరి రాజీనామా దారి వేరు. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా విశాఖ ఉత్తర శాసనసభ్యుడు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామా 2024 జనవరిలో గానీ ఆమోదం పొందలేదు. కాగితం మీ చేయి దాటాక దాన్ని ఎప్పుడు వాడాలన్నది అవతలివారి ఇష్టం. కార్పొరేటర్ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు తప్పుకుంటే ఆ స్థలాన్ని అడ్డుకునే ఒక్క ఓటు కూడా తగ్గి, ఉప ఎన్నిక జరిగేదాకా వార్డు నోరులేనిదవుతుంది. లీజు కోరుకునేవారికి అంతకన్నా కావలసిందేముంది?

గైర్హాజరు గురించి రెండు మాటలు చాలు. కీలకమైన అంశం వచ్చిన రోజే జ్వరం రావడం, తిరుపతి మొక్కు గుర్తుకు రావడం మన సభల్లో కొత్త కాదు. అది గోడ మీద పిల్లి వాటం. పార్టీ దాన్ని విధేయతగా లెక్కించదు, వార్డు ప్రజలు నిజాయితీగా లెక్కించరు.

ఇక సభలో ఏం చేయాలన్నది. మంచి ఉద్దేశాలు చాలావరకు నీరుగారిపోయేది ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను. సమావేశానికి ముందే, కౌన్సిల్‌లో మీ పార్టీకి నాయకత్వం వహించే ఫ్లోర్ లీడర్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి. అంశం సంఖ్య, స్థలం వివరం, కరపత్రంలోని వాక్యం, ఈ ప్రతిపాదనను మీరు సమర్థించలేరన్న మాట, అంశాన్ని వాయిదా వేసి పార్టీలో చర్చించమన్న విన్నపం: ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. అందినట్టు సంతకం తీసుకోండి. దీన్ని పత్రికలకు ఇవ్వకండి. ఇంటిమాట ఇంట్లో చెప్పే అవకాశం పార్టీకి ఇచ్చామన్నది రేపు మీకు అన్నిటికన్నా పెద్ద రక్షణ. ఇటువంటి ఉత్తరం చూసి అంశాన్ని నిశ్శబ్దంగా ఎజెండా నుంచి తప్పించిన సందర్భాలు నాకు తెలుసు. ఎదురుతిరిగే సభ్యురాలికన్నా కాగితం రాసిపెట్టే సభ్యురాలంటేనే నాయకులకు బెరుకు ఎక్కువ.

తప్పించకపోతే, సమావేశం రోజు మొదట్నుంచీ మీ కుర్చీలో ఉండండి. అనుకున్న అంశాన్ని ప్రధాన ఎజెండాలోంచి తీసి, అప్పటికప్పుడు చేతికిచ్చే టేబుల్ ఎజెండాలో పెట్టడం పాత ఎత్తుగడే కాబట్టి, ఆ అనుబంధ కాగితాలు అందగానే సంఖ్య సరిచూసుకోండి. అంశాలు వేగం పుంజుకున్నాక సభ ఎలా ఉంటుందో మీకు తెలుసు. సంఖ్య చదవడం ఆలస్యం, ముందు వరసల్లోంచి "ఆమోదం, ఆమోదం" అన్న కేకలు లేస్తాయి, బల్లలు చరుస్తారు, మేయర్ తరవాతి సంఖ్యకు వెళ్లిపోతారు. ఇదంతా మీరు మైకు బొత్తాం వెతుక్కునే లోపే జరిగిపోతుంది. అందుకే మీ అంశానికి రెండు మూడు అంశాల ముందే లేచి, ఫలానా సంఖ్య మీద మాట్లాడతానని మేయర్‌ను కోరి, నిలబడే ఉండండి. మాట్లాడేటప్పుడు పార్టీని గానీ, ఇన్‌చార్జిని గానీ, లీజు కోరిన సంస్థ ఉద్దేశాలను గానీ ఎత్తకండి. ప్రతిపక్ష బెంచీల నుంచి చప్పట్లు వస్తాయి, వాటి వైపు తిరగకండి. చివర్లో "ఈ అంశాన్ని వ్యతిరేకిస్తున్నాను, నా అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయండి" అని స్పష్టంగా చెప్పి, ముందే రాసి ఉంచుకున్న అసమ్మతి పత్రాన్ని మేయర్‌కు, ప్రతిని కార్యదర్శికి ఇవ్వండి. నోటితో చెప్పి ఊరుకుంటే తీర్మానం "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న మాటతోనే బయటికొస్తుంది. అప్పుడు ఆ ఏకగ్రీవంలో మీరూ ఉన్నట్టే.

మీ ప్రసంగానికి సరుకు కూడా గట్టిదే. బెంగళూరు మెడికల్ ట్రస్టు వర్సెస్ ముద్దప్ప కేసులో 1991లో సుప్రీంకోర్టు, లేఅవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు మళ్లించడం చెల్లదని తీర్పిచ్చింది. ఆ మళ్లింపు సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఆదేశంతో జరిగింది. దాన్ని సవాలు చేసింది ఆ ప్రాంత నివాసులు, వారికి ఆ హక్కు ఉందని కోర్టు అంగీకరించింది. ఈ తీర్పును సభలో ప్రస్తావించండి. మీ మాట వినని సహచరులు కూడా, రేపు హైకోర్టులో పడిపోయే తీర్మానం మీద తమ చెయ్యి కనబడడం ఎందుకని ఆలోచనలో పడతారు. లేఅవుట్ మంజూరు ప్లాను నకలు, ఆ ఖాళీ స్థలాన్ని నగరపాలక సంస్థకు అప్పగించిన గిఫ్ట్ డీడు ప్రతి టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఇప్పుడే అడిగి తెచ్చుకోండి. ఇవ్వడానికి జాప్యం చేస్తే కమిషనర్‌కు నేరుగా రాయండి. సమాచార హక్కు దరఖాస్తుకు ముప్పై రోజుల గడువుంటుంది కాబట్టి దాని మీదే ఆధారపడితే సమావేశం దాటిపోతుంది.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ఇన్‌చార్జి ఫోన్ చేసింది మీకు కాదు, మీ వారికి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి, కానీ ఫోన్లలో సగం వారి భర్తలకే వెళ్తాయి. మీ ఇంటి సంగతిలో నేను తలదూర్చను. అయితే ప్రమాణం చేసింది మీరు, మినిట్స్‌లో పేరు మీది, కోర్టు నోటీసు వచ్చినా మీ పేరు మీదే వస్తుంది. కాబట్టి ఆ ఫోన్‌కు జవాబు మీరే చేయండి. "అన్నయ్యా, ఈ విషయం నాతో మాట్లాడండి, కాగితం మీద నా అభిప్రాయం పంపుతున్నాను" అంటే చాలు. మర్యాదకు లోటుండదు, సందేహానికి చోటూ ఉండదు.

ఆ తరవాత ఏం జరుగుతుందో ముందే తెలుసుకుని ఉండడం మంచిది. కొన్నాళ్లు పార్టీ కార్యక్రమాలకు పిలుపు రాదు. ఫ్లెక్సీల్లో మీ ఫొటో కనిపించదు. షోకాజ్ నోటీసు రావచ్చు, అప్పుడు మీ ఉత్తరం నకలు జతచేసి రెండు పేరాల్లో వినయంగా జవాబివ్వండి. మీ వార్డు పనుల బిల్లులు నెమ్మదించవచ్చు. అన్నిటికన్నా కష్టమైనది, మీ వెంట తిరిగిన కార్యకర్తలు ఎవరి పక్షాన ఉండాలో తెలియక తప్పుకుని తిరగడం. వాళ్లను కూర్చోబెట్టి కరపత్రం చూపించి మాట్లాడాల్సింది మీరే. ఇదే సమయంలో అవతలి పక్షం నుంచి కబురు వస్తుంది, "మీలాంటివాళ్లకు మా దగ్గర గౌరవం ఉంటుంది" అంటారు. ఆ కండువా కప్పుకున్న రోజున మీరు సభలో చెప్పిన మాటలన్నీ బేరం కింద జమ అయిపోతాయి, జంప్ జిలానీల జాబితాలో మీ పేరు చేరుతుంది. వచ్చే ఎన్నికల్లో మీ పార్టీ టికెట్ ఇవ్వకపోతే అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు. ఈ పదవీకాలం పూర్తయ్యేదాకా మాత్రం గుర్తు మారకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

సమావేశం అయ్యాక తీర్మానం ప్రతి, మినిట్స్ ప్రతి అడిగి తీసుకోండి. మీ అసమ్మతి అందులో లేకపోతే, తరవాతి సమావేశంలో ఆ మినిట్స్ ధ్రువీకరణకు వచ్చేలోపే సవరణ కోరుతూ మేయర్‌కు, కమిషనర్‌కు రాసి, సమావేశం మొదట్లోనే ఆ విషయం లేవనెత్తండి. ధ్రువీకరణ అయిపోయాక సరిదిద్దించడం చాలా కష్టం. లేఅవుట్ నివాసుల సంక్షేమ సంఘం కోర్టుకు వెళ్లాలనుకుంటే వారికి మొదట కావలసిన కాగితాలూ ఆ రెండే.